సున్నం చల్లిన మడి

"సెప్తావా, సంపీమన్నావా?"

నర్సరీ మేస్త్రీ అప్పలసూరి చింతబరికె మళ్లీ లేచింది. జీడిమామిడి చెట్టుకు కట్టేసిన ఎర్రన్న వీపు చిట్లి, నెత్తురు పంచెదాకా కారింది.

ఎదురుగా నర్సరీలో, మట్టిదిబ్బకు ఈ పక్క కనిపించినంత మేరా పైన్ మొక్కలు పసుపు తిరిగి, సూదుల్లాంటి ఆకుల కొసలు మాడి వరసలు వరసలుగా చస్తున్నాయి. ఆ మొక్కల కోసం అరవయ్యేడులో సర్కారు లాక్కున్న మెట్ట ఎర్రన్నదే. ఈ ఏడు నారు బతక్కపోతే నర్సరీ ఎత్తేసి భూమి వెనక్కిస్తారని ఊరంతా అనుకుంటోంది. అందుకే దెబ్బ పడినప్పుడల్లా ఎర్రన్నకు ప్రాణం పోతున్నా, చచ్చే మొక్కల్ని చూస్తే సంతోషం ఆగడం లేదు.

"ఇసం ఏసినావని ఒప్పుకోరా!"

"నానేటీ ఎరగను."

అప్పలసూరికి పూనకమే వచ్చింది. కాలెత్తి మొహం మీద తన్నాడు. ఎర్రన్న నోట్లోంచి పన్ను ఊడి నెత్తురుతో సహా నేలమీద పడింది.

ఎర్రన్న పెళ్లాం కూర్మమ్మ పరుగున వచ్చి మేస్త్రీ కాళ్లు చుట్టేసింది. "సంపీకు బావా! నీకు దండమెడతాను!"

ఆ పాపిష్టివాడు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి పారేశాడు. నుదురు రాతికి తగిలి పగిలింది.

అది చూసేసరికి ఎర్రన్నకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే జీపు దిగి వస్తున్న ఆఫీసరుకు వినపడేలా అరిచాడు.

"అవును, నానే! సిరిమాను సంబరానికి ఈలందరూ ఇజీనారం ఎల్లిన రోజున గుల్లసున్నం తెచ్చి సల్లీసినాను! ఏర్లు మాడి సస్తాయనే సల్లీసినాను! జైల్లో ఎట్టుకోండి, ఉరి తియ్యండి. నా బూవి నాకొచ్చీసినట్టే!"

"అన్ని మళ్లలోనా?" ఆఫీసరు అడిగాడు.

"తెచ్చిన తట్ట దిబ్బ అవతల సివరి మడికే సరిపోనాది. ఆ సీడే అన్నిటికీ అంటుకున్నాది."

ఆఫీసరు దిబ్బ అవతలికి వెళ్లి ఒక మొక్క పీక్కొచ్చాడు. ఈ పక్క ఇంకోటి పీకి, నల్లబడిన దాని వేళ్లను వేలితో నలిపి చూశాడు.

"ఇది చీడ కాదు. పైనున్న గనిలోంచి నీళ్లతో దిగే మాంగనీసు విషం. ఏం చేసినా మొక్క నిలబడటం లేదని, నర్సరీ ఎత్తేస్తున్నామని చెప్పడానికే వచ్చాను."

మేస్త్రీ చేతిలో బరికె లాక్కుని విసిరికొట్టాడు. ఎర్రన్న కట్లు తనే విప్పి భుజం తట్టాడు.

"నువ్వు సున్నం చల్లిన మడొక్కటే పచ్చగా ఉందోయ్, ఆ మాంగనీసుకి సున్నమే విరుగుడైంది! రేపట్నుంచి అన్ని మళ్లకీ నువ్వే చల్లు, ఇంక ఈ నర్సరీని ఇక్కణ్ణుంచి ఎవడూ కదపలేడు."