పొన్నూరు అడిగిన ఆటగాడు

“ఆ సత్తెనపల్లి ఆయన ఈ కోర్టులో కాలు పెడితే, ఈ బాస్కెట్ పోలు పీక్కుని మా ఇంటికి పట్టుకుపోతాను,” అన్నాడు నాగేంద్రబాబు.

పోలు సిమెంటు పోసి పాతింది. అయినా కోచ్ శ్రీదివ్య దాని వంక ఒకసారి చూసుకుంది. నాగేంద్రబాబు ప్రత్తిపాడు బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్. పగలు మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తా. కోపమొస్తే ఏదైనా పీకగలడని ఊళ్లో పేరు.

ఈసారి కోపం ప్రెసిడెంటు శేషాచలం మాస్టారి మీద. నిరుడు జిల్లా లీగులో జట్టు పదకొండు ఆటలు ఆడి పదకొండూ ఓడిపోయింది. ఈ ఏడూ అట్టడుగునే మిగిలితే లీగులోంచి ఊరి పేరు కొట్టేస్తారు. అందుకే కాలేజీ కుర్రాళ్లతో జట్టును మళ్లీ కట్టమని గుంటూరు నుంచి శ్రీదివ్యను పిలిపించారు. మూడు నెలలు తిరక్కుండానే మాస్టారికి భయం పట్టుకుంది. సత్తెనపల్లిలో ముప్పై తొమ్మిదేళ్ల వయసున్న అనుభవశాలి ఒకాయన ఉన్నాడు, మన బాలును వాళ్లకిచ్చి ఆయన్ను తెచ్చుకుందాం అన్నాడు. లీగులో ఊళ్లు ఆటగాళ్లను అలా మార్చుకోవచ్చు. ఇచ్చే జట్టు కెప్టెన్ సంతకం పెడితే చాలు.

బాలుకు పంతొమ్మిదేళ్లు. ఆరడుగుల రెండంగుళాలు. ఇంకా పెరుగుతున్నాడని వాళ్లమ్మ అతని ప్యాంట్ల అంచులు విప్పుతూ విసుక్కుంటోంది.

నాగేంద్రబాబు అరగంట ఆగకుండా మాట్లాడాడు. రెండేళ్ల కిందటా ఇలాగే ఒక పెద్దాయన్ను తెచ్చారనీ, ఆయన ఎగిరితే బూటుకీ నేలకీ మధ్య పోస్టుకార్డు కూడా దూరలేదనీ చెప్పాడు. ఆడినదానికన్నా బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువనీ, ఆ బెంచీ ఇప్పటికీ ఆయన కూర్చున్న వైపుకే వాలి ఉందనీ చెప్పాడు. ఆయన కూర్చున్నంతసేపూ పక్కనున్న కుర్రాళ్లకు ఆట నేర్పకుండా తన చిన్నప్పటి కప్పుల గురించి చెప్పాడట.

“మళ్లీ కట్టుకునే జట్టు ముసలాళ్లను తెచ్చుకోకూడదు చెల్లెమ్మా, వదిలించుకోవాలి. అనుభవం కావాలంటే ఓ నెల పిలిచి, పిల్లలకు నేర్పించి, భోజనం పెట్టి పంపించు. వాళ్ల కోసం కుర్రాణ్ణి ఇస్తే మాత్రం అది బుద్ధున్న పని కాదు.”

శ్రీదివ్యకూ అదే నిజమనిపించింది. అక్కడే నిలబడి మాస్టారికి ఫోన్ చేసి, బాలును ఇచ్చేది లేదని తేల్చి చెప్పింది. నాగేంద్రబాబు పైకి మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

“ఇంకొకటుందన్నా,” అంది శ్రీదివ్య. “పొన్నూరు వాళ్లు కూడా అడిగారు.”

పొన్నూరుది వేరే గొడవ. వాళ్లు ఈ ఏడాది కప్పు కొట్టాల్సిందే అని కూర్చున్నారు. చివరి ఐదు నిమిషాల్లో కంగారు పడకుండా నిలబడే పాత చెయ్యి ఒకటి వాళ్లకు కావాలి. ప్రత్తిపాడు నుంచి ఒకాయన్ను పంపితే బదులుగా ఇద్దరు కుర్రాళ్లను ఇస్తామన్నారు. ఇద్దరూ బాలుకన్నా పొడుగు.

నాగేంద్రబాబు చొక్కా చేతులు మళ్లీ పైకెళ్లాయి. “ఒకళ్లకి ఇద్దరా? మరి నువ్వేం చెప్పావు?”

“వద్దన్నాను. రెండుసార్లు.”

అతను నిలబడ్డచోటే గుండ్రంగా తిరిగాడు. బుర్రలో మెదడుందా లేక గాలి కొట్టిన బంతి ఉందా అని అడిగాడు. లీగులోంచి పేరు పోయాక ఈ కోర్టులో మిరపకాయలు ఆరబోసుకుందామా అని అడిగాడు.

“ఆయన ఈ ఊరికి పద్నాలుగేళ్లు ఆడారన్నా. ఈ జట్టే ప్రాణం అనుకుంటారు. పొమ్మంటే తట్టుకోలేరు.”

“అదే జబ్బు. తను లేకపోతే జట్టు లేదనుకుంటారు ముసలాళ్లంతా. నువ్వు జాలిపడ్డ కొద్దీ జబ్బు ముదురుతుంది.”

“పేరు చెబితే మీరిలా మాట్లాడరు.”

“చెప్పొద్దు. పేరు వింటే మొహం గుర్తొస్తుంది, మొహం గుర్తొస్తే మెత్తబడతాం. మిర్చి యార్డులో సరుకు చూస్తాం గానీ రైతు మొహం చూడం.”

అంటూనే కోర్టు అవతలి కొస వైపు చూశాడు. అక్కడ జట్టులోని పాత ఆటగాడు బాపయ్య ఒక్కడే పరుగులు తీస్తున్నాడు. బాపయ్య ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేలోపు రిఫరీ టీ తాగి, గ్లాసు కడిగిచ్చి రావచ్చు.

“ఆయన ఒప్పుకోకపోతే?” అంది శ్రీదివ్య.

“ఒప్పుకోవడమేంటి? కెప్టెన్ సంతకం పడ్డాక ఎవడైనా వెళ్లాల్సిందే. కావాలంటే సామాను నేనే సర్ది బస్సెక్కిస్తా. ముందు ఫోన్ చెయ్.”

శ్రీదివ్య ఫోన్ చేసింది. అవతలివాళ్లు సంతోషంతో అరిచిన అరుపు నాగేంద్రబాబుకు కూడా వినబడింది. ఆమె సంచిలోంచి ఫారం తీసి, ముందు పేరు రాస్తాననీ, చదువుకుని సంతకం పెట్టమనీ అంది.

అతను ఫారం లాక్కున్నాడు. కమీషన్ కొట్లో ఖాళీ లెక్కల పట్టీ మీద ముందు సంతకం పెట్టించుకుంటారు, రాసేది తీరిగ్గా రాసుకుంటారు. పదిహేనేళ్లుగా అదే అలవాటు. కాయితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“పేరు నువ్వు రాసేసుకో. పాపం, నేను వెళ్లి కాస్త ధైర్యం చెబుతాను.”

వెళ్లి బాపయ్య భుజం మీద చెయ్యేశాడు. ఎన్నడూ లేనిది, తన నీళ్ల సీసా మూత తీసి అందించాడు. జీవితంలో మార్పు మంచిదేననీ, పొన్నూరులో నీళ్లు బాగుంటాయనీ చెప్పడం మొదలుపెట్టాడు. బాపయ్యకేమీ అర్థం కాలేదు. నీళ్లు మాత్రం తాగాడు.

శ్రీదివ్య ఫారంలోని ఖాళీలో నాగేంద్రబాబు పేరు రాసింది.