వెలి ఓటు

పూర్వం గ్రీకు నగరాల్లో పౌరులంతా ఒకచోట చేరి ఊరి సంగతులు తేల్చుకునేవారట. ఇప్పుడు ఆ సభ ప్రతి ఇంట్లోనూ వంటగది గోడలోంచి పలుకుతోంది. వయసొచ్చిన ప్రతి ఒక్కరూ రోజూ ఔననో కాదనో చెప్పి తీరాలి; సందేహముంటే ముందు గోడనే అడగవచ్చు.

ఆ ఉదయం హైమావతి పులుసుకు పోపు పెడుతుండగా గోడ అడిగింది, పక్కింటి సువర్చలను పదేళ్లపాటు ఊరి నుంచి వెలివేయాలా అని. సువర్చల చేసిన నేరమేమీ లేదు. ప్రతి విషయానికీ ప్రశ్నలు వేసి సభను సాగదీస్తుందని జనానికి విసుగు. హైమావతికీ విసుగే. "ఔను" అనేసి గరిటె తిప్పుకుంది. చాలామంది అలాగే అన్నారని మధ్యాహ్నానికి తెలిసింది.

సాయంత్రం సువర్చల పెట్టె సర్దుకుంటుంటే హైమావతి సాయానికి వెళ్లింది. చీరలు మడతపెడుతూ, అడక్కుండానే, "నేను మాత్రం కాదన్నాను సువర్చలా" అంది.



"వెళ్లేవాళ్లకి అందరి జవాబులూ వినిపిస్తారు వదినా" అంది సువర్చల మెల్లగా. "మీ గొంతు నాకు తెలీదా?"

హైమావతి చేతిలో చీర అలాగే ఉండిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది. సువర్చల తిట్టలేదు. ఆ చీర అందుకుని పెట్టెలో పెట్టి, "ఓ పక్క పట్టుకోండి, నా ఒక్కదాని వల్ల కాదు" అంది.

ఇద్దరూ పెట్టె మోసుకుంటూ పొలిమేర దాకా నడిచారు. బస్సెక్కుతూ సువర్చల, "రేపట్నుంచి సభలో మీరైనా ఏదో ఒకటి అడుగుతూ ఉండండి" అంది.

హైమావతి సరేననబోయింది. తన మాటకు ఇక విలువేముందని తోచి, తల దించుకుని నిలబడిపోయింది.