మూడు చీరలు

కూలర్ ముందు చోటు నాదంటే నాదని కార్తీక్, చిన్ని కొట్టుకుంటున్నారు.

"ఇంతసేపు నువ్వే కూసున్నవ్. జరుగు!"

"నేను జరగ. నేను నీకంటే చిన్నదాన్ని."

"గందుకే మూలకు కూసో."

పప్పుకు పోపు పెడుతున్న శ్రీలత గరిటెతోనే బయటికి వచ్చింది.

"ఇద్దర్నీ తీస్కపోయి వడ్లు ఆరబోసినట్టు ఎండల ఆరబోస్త. ఏందీ లొల్లి?"

"అన్నకు కూలర్ ఎందుకే అమ్మా? కాల్వల మునిగి సల్లగయ్యే వచ్చిండు. నెత్తి సూడు," అంది చిన్ని.

కొడుకు జుట్టు చివర్ల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

యాసంగి ఆఖరి తడికి సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలి నాలుగు రోజులైంది. ఒంటిపూట బడులు విడిచాక వేములపల్లి పక్కనున్న బ్రిడ్జి మీది నుంచి పిల్లలు దూకుతున్నారని, ఎవడు ముందు ఒడ్డుకొస్తే వాడు హీరో అని, ఒకడు దూకితే ఇంకొకడు ఫోన్లో తీస్తాడని వాడకట్టంతా చెప్పుకుంటున్నారు. ఆ పిల్లల్లో తన కొడుకు ఉంటాడని మాత్రం శ్రీలత అనుకోలేదు.

సాయంత్రం ఎరువుల దుకాణం కట్టేసి వచ్చిన ఉపేందర్ కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"నాకు ఈతొస్తది గద డాడీ."

"నీకు ఈతొస్తదని కాల్వకు తెల్వది గదరా!"

"అందరు దునుకుతున్నరు."

"అందరి సంగతి వాళ్ల ఇండ్లల్ల సూసుకుంటరు. నాకున్నది నువ్వొక్కడివే కొడుకువి."

"ఇగ పోను," అన్నాడు కార్తీక్.

ఆ మాట వాడు గోడకేసి చూస్తూ అన్నాడు. శ్రీలతకు నమ్మకం కుదరలేదు.

మర్నాడు బడి విడిచే వేళకు తనే బ్రిడ్జి దగ్గరికి వెళ్లింది.

పైన రెయిలింగ్ మీద నలుగురు పిల్లలు కాళ్లూపుకుంటూ కూర్చున్నారు. కార్తీక్ వాళ్లలో లేడు. కింద మెట్ల మీద ఒక ముసలామె ఎర్రటి ఎండలో చీరలు ఉతుకుతోంది.

"రోజూ ఈడ్నే ఉంటవా అమ్మా?"

"ఉంట బిడ్డా. మోతీబాయి అంటరు నన్ను. మాది గీ పక్క తండనే."

"మరి పోరగాళ్లు దునుకుతుంటే సూసుకుంట కూసుంటవా? ఎల్లగొట్టరాదా?"

"ఎల్లగొడితే ఇంకో బ్రిడ్జి కాడికి పోతరు. గాడ మెట్లు గిట్ల లేవు."

మళ్లీ చీరను బండకేసి బాదింది. సబ్బు లేదు. నురగ లేదు. ఇదేం ఉతుకుడో అనుకుంది శ్రీలత.

"నీ మనుమలైతే గూడ గిట్లనే బట్టలు ఉతుక్కుంట కూసుందువా?"

మోతీబాయి చెయ్యి ఆగింది.

"మీ పిలగాని పేరేంది బిడ్డా?"

"కార్తీక్."

ముసలామె ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది.

"మంచిగ సూసుకో," అంది.

శ్రీలతకు ఒళ్లు మండింది.

"నువ్వా నాకు సెప్పేది!" అని గిరుక్కున వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆ తర్వాత కార్తీక్ రోజూ బడి విడవగానే ఇంటికి వచ్చేవాడు. తమ మాట పనిచేసిందని భార్యాభర్తలు మురిసిపోయారు.

శుక్రవారం మాత్రం చాలా ఆలస్యమైంది. వచ్చినప్పుడు చొక్కా పొడిగానే ఉంది. భోజనాల దగ్గర ముద్ద ఎత్తకుండా అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"యాడికి పోయినవ్‌రా?"

"తండకు. మోతీబాయి సనిపోయిందమ్మా. వడదెబ్బ తగిలిందంట."

"ఆమెకూ నీకూ ఏంది సంబంధం?"



"గా దినం... కూలర్ కాడ కొట్లాడిన దినం... దునకంగనే నీళ్లు నన్ను బ్రిడ్జి కిందికి గుంజుకపోయినయ్. పైనున్నోళ్లకు కనవడలే. ఎంత కొట్టుకున్నా ఒడ్డు అందలే. ఆమె చీర ఇసిరింది. మూడు చీరలు కొసలకు కొసలు ముడేసి ఉంటయమ్మా. ఒక కొస మెట్ల కాడి ఇనుప కడ్డీకి కట్టి ఉంటది. పట్టుకున్న."

చిన్ని నోటి దాకా తెచ్చిన ముద్దను అలాగే పట్టుకుంది.

"పైకి తీసి రెండు సెంపలూ వాయించింది. ఇంట్ల సెప్పకు అవ్వా అని మొక్కిన. 'మళ్లొకపారి రాకు, ఎవ్వలికి సెప్ప' అన్నది."

శ్రీలతకు ఆ నురగ లేని చీర కళ్లకు కట్టింది. పొడి చీర గాలికి తేలుతుంది. తడిసిన చీరే బరువుగా, దూరంగా వెళ్తుంది. అంత ఎండలో ఆమె చేస్తున్నది ఉతుకుడు కాదు. ఆ చీరలను ఆరనివ్వకపోవడం.

"నన్నొక్కణ్నే తీసిందనుకున్ననమ్మా," అన్నాడు కార్తీక్. "గాడికి పోతే పదకొండు మందిమి ఉన్నం. మిర్యాలగూడోళ్లు గూడ వచ్చిండ్రు. ఒకని సంగతి ఒకనికి తెల్వది. అందరికీ గదే మాట అన్నదంట."

"పదకొండు మందా!" అన్నాడు ఉపేందర్.

శ్రీలత వడ్డిస్తున్న కూర గిన్నె కింద పెట్టింది. తన నోటి నుంచి వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వెళ్లి కాళ్లకు మొక్కుదామన్నా మనిషి లేదు.

"బ్రిడ్జికి ఇనుప జాలీ బిగించేదాక మీరు ఆఫీసుల సుట్టు తిరుగుండ్రి," అంది భర్తతో. "అప్పటిదాక, రేపటి సంది బడి ఇడిసే యాళ్లకు గా మెట్ల మీద నేను కూసుంట."

"నువ్వా? నీకు ఈతనే రాదు గదనే!"

కార్తీక్ కంచంలోంచి తలెత్తలేదు.

"మోతీబాయికి గూడ రాదంట డాడీ."