మూడు కూతలు

మంగళవారం ఉదయం పదిన్నరకు టూరిస్టు రైలు మూడు పొడుగు కూతలు వేసింది. గవరమ్మ దుప్పటి చంకన పెట్టుకుని పట్టాల మీదికి పరిగెత్తింది. డ్రైవర్ అప్పలరాముడు బ్రేకు వేశాడు. బండి ముసలమ్మకు మూరెడు దూరంలో ఆగింది. పెట్టెల్లో ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకావిడకు పెదవి చిట్లింది.

కాసేపటికి ఆ రైలు మేనేజర్ ఫణికుమార్ లేబర్ లైన్లలో, కూలీల ఇళ్ల వరసలో, గవరమ్మ ఇంటి ముందున్నాడు. ఆమె కొడుకు కన్నారావు అదే బండికి బ్రేకుమన్. మేనేజర్ వెనకాల తల దించుకుని నిలబడ్డాడు. కోడలు పద్మిని కుర్చీ వేసింది. మేనేజర్ కూర్చోలేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటులో రావాల్సిన ఆ దీవి అడవిలో ఏనుగులు దుంగలు లాగిన రోజుల్లో, ఆ పట్టాల మీద మూడు పొడుగు కూతలకు ఒకటే అర్థం. ఎవరో దుంగ కింద పడ్డారు. ఎవరి మగాడో తెలియదు కాబట్టి లైన్లలో ఆడవాళ్లందరూ తలా ఒక దుప్పటి పట్టుకుని పరిగెత్తేవాళ్లు. పోయినవాణ్ని వాడింటి దుప్పటిలోనే మోసుకురావాలి. పరాయి దుప్పటి పనికిరాదు. గవరమ్మ మొగుడు అలాగే ఇంటికొచ్చాడు. ఇప్పుడు అడవి నరకడం లేదు. దుంగల ట్రాలీల మీద బెంచీలు బిగించి ఒక కంపెనీ టూరిస్టులను తిప్పుతోంది. పట్టాలు తిరిగే వంపు దగ్గర గైడు ఆ దుప్పట్ల కథ చెబుతాడు. డ్రైవర్ మూడు కూతలు వేస్తాడు. జనం వీడియోలు తీసుకుంటారు.

పెద్దావిడ కదా అని ఇదివరకు ఊరుకున్నానని ఫణికుమార్ అన్నాడు. ఇంకొక్కసారి పట్టాల మీద కనిపిస్తే కన్నారావు రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

"కూత మార్చండి సార్. రెండేస్తే పోద్ది కదా" అంది పద్మిని.

"రెండేస్తే కథేముందమ్మా? ఆ మూడో కూతకే జనం వస్తున్నారు."

ఆయన వెళ్లాక పద్మిని అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, అది ఉత్తుత్తి కూత. తమాషా."

"ఉత్తుత్తిదో కాదో ఇంట్లో కూకుంటే ఎలా తెలుస్తాదే?"

"నీ కొడుకు నౌకరీ పోతాది."

"పోతే ఇంకోటి."

"ఏటి ఇంకోటి? పోర్ట్ బ్లెయిర్ పోయి అబర్డీన్ బజార్లో మూటలు మొయ్యమంటావా?"

కన్నారావు నవ్వుతూ వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నాను బండి చివర బ్రేకు చక్రం పట్టుకుని కూకుంటాను. దుంగల్లేవు, ఏనుగుల్లేవు. నా మీదేటి పడతాది? కలకత్తా బాబుల కెమెరాలా?"

తల్లి చెయ్యి తీసి తన తల మీద పెట్టుకున్నాడు. కూత వినపడ్డా గడప దాటనని గవరమ్మ కొడుకు మీద ఒట్టేసింది.

పద్మిని ఒట్టును నమ్ముకోలేదు. అత్త సంగతి ఆమెకు తెలుసు. దుప్పటి లేకుండా ముసలమ్మ పట్టాల దగ్గరకు వెళ్లదు. వెళ్లినా చేసేదేం లేదు. మర్నాటి నుంచి బండి వేళకు ముందే ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లనూ బకెట్లో నానబెట్టడం మొదలుపెట్టింది. బుధవారం గవరమ్మ మూడు కూతలూ విని, ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. గురువారం కూర్చునే వింది. శుక్రవారం బియ్యంలో రాళ్లేరుతూ వింది. అయినా మూడో కూతకు ఆమె చెయ్యి ఆగడం పద్మిని చూసింది. సాయంత్రం ఫణికుమార్ కన్నారావు భుజం తట్టాడట.

శుక్రవారం రాత్రి గాలివాన పట్టింది. తెల్లవారేసరికి వంపు దగ్గర పట్టాలకు అడ్డంగా చెట్టు ఒకటి పడిందని కబురొచ్చింది. టూరిస్టులు వచ్చేలోగా నరికి తీసెయ్యాలని కన్నారావు టీ కూడా తాగకుండా వెళ్లాడు. ఇంజను మీద అప్పలరాముడూ అతనూ ఎక్కారు. గాలి తగ్గలేదు. పద్మిని దుప్పట్లు సబ్బునీళ్లలో వేసింది.

బండి కూసింది. ఆగింది. మళ్లీ కూసింది. ఆగింది. మూడోసారి కూసింది.

గవరమ్మ చాట దింపి లేచింది.

"ఇయాల తొందరగా కూసిందే."

"వాన కదత్తా. ముందే తిప్పేస్తన్నారు."

"దుప్పటేదే?"

"నానేశాను. నువ్వు ఒట్టేసినావు, నీ కొడుకు మీద."

పద్మిని తలుపు గడియ పెట్టింది. ముసలమ్మ బకెట్టు వైపు చూసింది, గడియ వైపు చూసింది, తిరిగి కూర్చుంది. కిటికీలోంచి పద్మిని లైన్ల వెంబడి చూసింది. ఎవరూ బయటికి రాలేదు. ఎదురింటి తవిటమ్మ చూరు కింద చేపలు తోముకుంటోంది. తల ఎత్తలేదు.

కొంతసేపటికి తలుపు చప్పుడైంది. అప్పలరాముడు. తడిసి ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు.

"షో అయిపోయిందా భయ్యా? అత్త గడప దాటలేదు. మేనేజరు గారికి నువ్వే చెప్పాల" అంది పద్మిని.

"షో లేదు దీదీ. సముద్రం బాలేదని పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటే రాలేదు."

అతను గడప అవతలే నిలబడ్డాడు.

"దుప్పటి ఇయ్యి."

ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లూ బకెట్లో ఉన్నాయి.