ఫోనుకి తెలిసిన జబ్బు

"ఇదిగో, మళ్లీ విగ్గు యాడే! సూడు," అంటూ రంగనాథం తన ఫోనుని హరిబాబు ముక్కు దాకా తెచ్చాడు.

గజపతినగరం బజారులో హరిబాబుది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. దానికెదురుగా రంగనాథం స్టీలు సామాన్ల కొట్టు, ఆ వెనకే ఇల్లు.

"మీకు జుట్టు లేదు కదా మావా, అందుకే పంపుతన్నారేమో," అని నవ్వాడు హరిబాబు.

"నా బట్టతల సంగతి దానికెలా తెలుసురా? పోనీ, విగ్గొక్కటే అయితే ఊరుకుందును. ఇది కూడా సూడు."

రంగనాథం వేలితో తెరని పైకి తోశాడు. క్యాన్సర్ ఆసుపత్రి. తలకి పెట్టుకునే మెత్తటి గుడ్డ టోపీలు. నోరు పూసినవాళ్లు తాగే పొడి. మొన్నటిదాకా సిమెంటు అమ్మిన నటుడే తెల్లకోటు తొడుక్కుని, "ఆలస్యం చేయకండి" అని వేలు చూపిస్తున్నాడు.

"నేనేటీ వెతకలేదురా. ఇడ్లీ రేకులు తప్ప నా ఫోనులో నేను సూసిందేటీ లేదు."

"ఈ ఫోన్లు మనకంటే ముందే కనిపెట్టేస్తన్నాయంట మావా. మన నడక, నిద్ర, గుండె, అన్నీ వాటికి తెలుసంట," అన్నాడు హరిబాబు, ఎవరిదో ఫోను వెనక రేకు విప్పుతూ. సరదాకే అన్నాడు.

ఆ మాట రంగనాథం మనసులో ముల్లులా దిగింది. అన్నం సయించడం మానేసింది. దగ్గు వచ్చినా భయమే, రాకపోయినా భయమే. గిరాకీ చెంబు అడిగితే గరిటె ఇచ్చాడు. రోజుకి పదిసార్లు అద్దం ముందు నిలబడి మెడ తడుముకున్నాడు. నాలుగో రోజు ఇక ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్లాడు.

"పార్వతీ, నాకు లోపలేదో అయిపోయింది. నాకంటే ముందు ఫోనుకి తెలిసిపోయింది."

బియ్యం ఏరుతున్న పార్వతీదేవి చేట పక్కన పెట్టింది. "ఫోనుకేటి తెలుస్తాది? ఊరుకోండి," అంది. తర్వాత భర్త ముఖం చూసింది. "సరే. రేపు విజయనగరం వెళ్లి టెస్టులు సేయించుకుందురు గాని. నేనూ వస్తాను."

ఆసుపత్రి గుమ్మం దాటగానే రంగనాథం ఎదురుగా ఉన్న మెట్లవైపు నడిచాడు.

"ఆ మెట్లు కాదు, ఇటు," అంటూ పార్వతీదేవి అతని చెయ్యి పట్టుకుంది. రక్తం తీసే గదికి, స్కానింగు గదికి, ఎవర్నీ అడక్కుండా తిప్పింది. బెంచీ మీద కూర్చోగానే రంగనాథం అప్పగింతలు మొదలుపెట్టాడు.

"నేను పోతే కొట్టు మూసేయకు. అద్దెకియ్యి. నయం, నీకు బీపీ కూడా లేదు. నువ్వన్నా గట్టిగా ఉన్నావు."

ఆమె కొంగుతో అతని నుదుటి చెమట తుడిచింది. "మీకేటీ అవదు," అంది.

రెండు రోజులయ్యాక రంగనాథం ఒక్కడే వెళ్లి రిపోర్టు తెచ్చుకున్నాడు. ఏ జబ్బూ లేదు. బస్సు దిగి జిలేబీ పొట్లంతో సరాసరి హరిబాబు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యో మావా, నవ్వులాటకన్నాను," హరిబాబు నొచ్చుకున్నాడు. "ఒకే వైఫై మీద ఇంకెవరు వెతికినా మీ ఫోనులో ఆ యాడ్లు వస్తాయి. అంతే."

"ముందే సెప్పొచ్చు కదరా! సగం సచ్చిపోయాను."

రంగనాథం రోడ్డు దాటి, వీధిలోంచే కేకేశాడు. "పార్వతీ! నాకేటీ లేదు!"

ఆమె వచ్చి కాగితం అందుకుంది. ప్రతి వరుసా చదివి కళ్లకద్దుకుంది. ఆమె కళ్లు చెమర్చడం చూసి రంగనాథం మురిసిపోయాడు.

"ఫోను తప్పేటీ లేదంట. మన వైఫై ఎవరో వాడతన్నారు. పాస్‌వర్డు ఎవరికైనా సెప్పావా? పాపం, ఎవరింట్లోనో ఈ జబ్బు ఉన్నట్టున్నాది."

పార్వతీదేవి తల అడ్డంగా ఊపింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి అతని జేబులో పెట్టింది.

"నా రిపోర్టు పోయిన నెలే వచ్చిందండి."