ఇంకా చెప్పండి

"మొదటి పరదా వెనక ఉండేది మనిషేరా," అంది జనని కళ్లు తుడుచుకుంటూ. "రెండోది నీ మిషను."

తమ్ముడు సతీష్ రెండు పరదాలకేసీ మార్చి మార్చి చూశాడు. ఊరి పేరింకా మద్రాసుగా ఉన్న రోజులవి. అక్కడి చూలై పేటలో అతనిదొక కంప్యూటరు సెంటరు. మీట ఉందేమోనని ఇడ్లీని కూడా నొక్కి చూసి తినే రకం. మనిషిలా జవాబులిచ్చే ప్రోగ్రాం రాశాననీ, ఒక పరదా వెనక అదీ, ఇంకోదాని వెనక ఒక మనిషీ ఉంటారనీ, ఏది ఏదో కనిపెట్టమనీ అక్కను బతిమాలి తెచ్చాడు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

అమ్మ పోయినప్పుడు భర్త తిరువేంగడం ఒక్క మెత్తని మాట అనలేదని జనని పుట్టింటికి వచ్చేసింది. రాయపురంలో టైపు నేర్పే ఆ మనిషి వట్టి బండరాయని ఆమె తీర్పు. ఇక వకీలు దగ్గరికే పోతానంటోంది.

"ఎట్లా కనిపెట్టినావు?" అన్నాడు సతీష్.

రెండింటికీ ఒకే మాట కొట్టానంది: వంటింట్లోకి పోతే అమ్మే గుర్తొస్తోంది, పొయ్యి ముట్టించలేకున్నానని. రెండోది గడగడా పాఠం ఒప్పజెప్పిందట. పోయినవాళ్లు తిరిగి రారు, ధైర్యంగా ఉండాలి, వేళకు తినాలి, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది. మొదటిది మాత్రం, వంటింట్లో అమ్మ గుర్తొస్తుందా, అమ్మ గురించి ఇంకా చెప్పండి అని అడిగిందట. చెప్పేకొద్దీ అడుగుతూనే ఉందట.

"కడుపు నిండా ఏడవనిచ్చిందిరా. మిషనుకు అదెట్లా వస్తాది? ఎవరా మనిషి? దండం పెట్టి పోతా."

సతీష్ తల దించుకున్నాడు. "ఈడుండే మనిషి బావ ఒక్కడే అక్కా. నీకు చేతనైనట్టు ఓదార్చు బావా అని నేనే కూర్చోబెట్టినా."

జనని మొదటి పరదాకేసి తిరిగింది. ఇన్నేళ్లు పక్కనే ఉండి ఆ మనిషిలోని తడిని తను చూడలేకపోయిందా? సంచీ భుజాన వేసుకుంది.

"వకీలూ వద్దు, ఏమీ వద్దు. మా ఇంటికి పోతాం."

"ఆగక్కా, ఆడ తియ్యొద్దు," అంటూ సతీష్ చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె నవ్వుతూ విదిలించుకుని మొదటి పరదా లాగేసింది.

లోపల కంప్యూటరు ఒక్కటే ఉంది.