సైదమ్మ ఆఖరి మాట

సిమెంటు ఫ్యాక్టరీ పాత టిప్పరు ఆన్‌లైన్ వేలం పదకొండింటికి మొదలైంది. పావుగంట కూడా కాకముందే సైదమ్మకు ఫోనొచ్చింది.

“అక్కా, నేను షాద్‌నగర్ దశరథ్‌ను. ఆన్‌లైన్ల ఆ టిప్పర్ మీద పాట పెడుతున్నది నువ్వేనా?”

“నేనే.”

“వ్యాపారులం అందరం ఒక మాట అనుకున్నం. గీసారి అది నాది. నువ్వు జరుగు.”

“మీ మాటల నేను లేను గద,” అని సైదమ్మ ఫోన్ పెట్టేసింది.

మేళ్లచెరువు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకొని ఆమె పాత ఇనుము వ్యాపారం మొదలుపెట్టి మూడేళ్లే. సిమెంటు ఫ్యాక్టరీ స్క్రాపును ఎప్పుడూ ఐదారుగురు పెద్ద వ్యాపారులే పంచుకునేవారు. కొత్తవాళ్లు అడ్డొస్తే ధర పెంచి పెంచి, నష్టం వాళ్ల నెత్తిన పడేసి తప్పుకునేవారు.

వేలానికి ముందు సరుకు చూసుకోవడానికి ఒకరోజు ఫ్యాక్టరీ గేటు తెరిచారు. అందరూ టిప్పరు ఇంజను చూశారు, టైర్లు తట్టారు. సైదమ్మ కొంగు బిగించి బండి కిందికి దూరింది. చక్రాల వెనకంతా చూసుకొని, చేతుల మసితోనే ఇంటికొచ్చింది.

“కొంటున్నం,” అంది కూతురు గ్లోరీతో.

గ్లోరీ ఫోనులో వేలం యాప్ తెరిచింది. “ఊకె ఒత్తుకుంట కూసునే పనిలేదమ్మా. నీ ఆఖరి ధర ఒక్కసారి చెప్తే చాలు. ఎదుటోళ్లు పెంచినప్పుడల్లా గిదే ఇంకో రెండువేలు పెంచుతది. నీ ఆఖరి మాట ఎంతనో మాత్రం ఎవ్వరికీ చెప్పదు.”

“ఎవరన్నా బెదిరిస్తే?”

“నువ్వు బెదురుతవేమో. గది బెదరదు.”

సైదమ్మ మూడు లక్షల పదివేలు పెట్టమంది. మెడలో గొలుసు, షెడ్డు పక్కన కొనుక్కున్న కాస్త జాగా అమ్మితే చేతికొచ్చింది అంతే.

“ఇంకేం మిగలదమ్మా.”

“మిగలకపోతే కూలికి పోత. పెట్టు.”

వేలంలో దశరథ్ మీట నొక్కాడు. రెప్పపాటులో అతని మీద రెండువేలు పడ్డాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ పడ్డాయి. లక్షా అరవై దాటింది. రెండు లక్షలూ దాటింది. మళ్లీ ఫోన్ చేశాడు.

“పిచ్చి లేసిందా అక్కా? ఇనుము ధర ఎప్పుడో దాటింది!”

“మరి నువ్వెందుకు పెంచుతున్నవ్?”

“నీకు బుద్ధి రావాలని.”

“రానీ. నొక్కు.”

సైదమ్మ షెడ్డులోకి వెళ్లి తీగచుట్టలు కాటాకు ఎక్కించసాగింది. మూడు గంటలకు పాట ముగుస్తుంది. ఇంకా పది నిమిషాలుందనగా గ్లోరీ పరుగెత్తుకొచ్చింది.

“ఆయన మూడు లక్షల ఎనిమిదివేలు పెట్టిండు. మనది పదికి చేరింది. ఇంకొక్కసారి ఒత్తిండంటే పోయినట్టే!”

అప్పుడే ఫోన్ మోగింది. ఈసారి దశరథ్ గొంతులో అరుపు లేదు.

“ఎంతదాకా పోతవక్కా?”

సైదమ్మ ఇంకో తీగచుట్టను కాటా మీదికి ఎత్తింది.

“నువ్వు అలిసిపోయేదాక.”

అవతల లైను తెగింది. మూడయింది. పాట సైదమ్మది.

రెండు రోజులకు టిప్పరు షెడ్డుకు చేరింది. బండిని ముక్కలుగా కోయడానికి గ్యాస్ కట్టరుతో వచ్చిన మనిషిని సైదమ్మ వాపసు పంపేసింది. ఒక్క బోల్టు కూడా ముట్టొద్దంది. బండి మీద పట్టా కప్పించి, లాయరుకు ఫోన్ చేసింది.

“సార్, మా ఆయన తాగి నడిపి సచ్చిపోయిండని కంపెనీ కోర్టుల రాసిచ్చిన బండి నా చేతికొచ్చింది, తెగిన బ్రేకులు తెగినట్టే ఉన్నయి, జడ్జిగారిని వచ్చి చూడమనుండ్రి!”